కమిలిన మోకాలు ఆకుపచ్చగా ఎందుకు మారింది? విషవాయువును మన కణాలే తయారు చేస్తాయా?

చిరుగాలి:

అందరికీ నమస్కారం. పది రోజుల క్రితం మెట్లు దిగుతూ కాలు జారి పడ్డాను. ఎముకకు ఏమీ కాలేదు గానీ మోకాలి కింద అరచేయంత మేర కమిలిపోయింది. మొదటి రెండు రోజులు నల్లగా, ఊదాగా ఉంది. ఐదో రోజుకి అంచుల చుట్టూ ఆకుపచ్చ దిగింది. ఇప్పుడు ఆ ఆకుపచ్చ కూడా లోపలికి జరిగి బయటంతా పసుపు పరుచుకుంది. రోజూ పొద్దున్నే ఒకే కిటికీ దగ్గర నిలబడి ఫోటో తీసుకుంటున్నాను. వరసగా పెట్టి చూస్తే ఎవరో రోజుకో రంగు అద్దినట్టు ఉంది.

ఎందుకిలా మారుతుందో తెలుసుకుందామని చదవడం మొదలుపెడితే హీమ్ ఆక్సిజనేజ్ అనే ఎంజైమ్ దగ్గర ఆగిపోయాను. అది రక్తంలోని హీమ్‌ను ముక్కలు చేస్తుందట, ఆ పనిలో కార్బన్ మోనాక్సైడ్ బయటికి వస్తుందట. మూసిన గదిలో బొగ్గులు రాజేసుకుని పడుకుని మనుషులు చనిపోయారన్న వార్తల్లో వినే వాయువు ఇదే కదా? అది నా మోకాలి కిందే తయారవుతోందా? పైగా నైట్రిక్ ఆక్సైడ్, హైడ్రోజన్ సల్ఫైడ్ కూడా కణాలు వాడుకునే సంకేత వాయువులని ఇంకోచోట రాశారు. రెండూ విషాలనే నాకు తెలుసు.

నేను చదివింది కామర్స్. సైన్స్ పదో తరగతితో ఆగిపోయింది. తెలిసినవాళ్లు ఓపిగ్గా చెబితే చదువుకుంటాను. కణానికి "ఒత్తిడి" అంటే అసలు ఏమిటి? మనకొచ్చే టెన్షన్ లాంటిదేనా? అందులో ఈ విషవాయువుల పనేంటి?

కణశాల:

చిరుగాలి గారూ, మీ మోకాలి గురించి భయపడకండి, అక్కడ జరగాల్సిందే జరుగుతోంది. మీ అనుమానం కూడా నిజమే. అది ఆ వాయువే. మంటలోంచి వచ్చిన కార్బన్ మోనాక్సైడ్‌కీ మీ కణంలోంచి వచ్చినదానికీ అణువులో ఏ తేడా లేదు. ఎంత వచ్చింది, ఎక్కడ వచ్చింది, కావాలనుకున్నప్పుడు ఆగుతుందా లేదా, తేడా అంతా ఇందులోనే ఉంది. నేను పదకొండేళ్లుగా ఒక ల్యాబ్‌లో కణాలు పెంచే పనిలో ఉన్నాను. అందులో ఎక్కువ కాలం మీరు చెప్పిన ఎంజైమ్‌తోనే గడిచింది. అందుకని కొంచెం ఎక్కువే రాస్తాను, ఓర్చుకోండి.

కణానికి ఒత్తిడి అంటే మనసులో పడే టెన్షన్ కాదు. ఎండలోని అతినీలలోహిత కిరణాలు, వేడి, ఆర్సెనిక్, కాడ్మియం లాంటి లోహాలు, ఆక్సిజన్ తక్కువ కావడం, హైడ్రోజన్ పెరాక్సైడ్ పోగవడం, ఇలా కణం లోపలి ప్రోటీన్లనూ కొవ్వు పొరలనూ డీఎన్‌ఏనూ దెబ్బతీసేది ఏదైనా ఒత్తిడే. మీ మోకాలి దగ్గర వచ్చిన ఒత్తిడి పేరు హీమ్. సన్నటి రక్తనాళాలు చిట్లి ఎర్రరక్తకణాలు బయట పడ్డాయి. ఒక్కో ఎర్రకణంలో సుమారు 27 కోట్ల హీమోగ్లోబిన్ అణువులు, ఒక్కో హీమోగ్లోబిన్‌లో నాలుగు హీమ్‌లు. హీమ్ అంటే నడుమ ఒక ఇనుప పరమాణువును పట్టుకున్న ఉంగరం అనుకోండి. ప్రోటీన్ లోపల ఒదిగి ఉన్నంతసేపు అది ఆక్సిజన్‌ను మోస్తుంది. ఆ గూడు విడిచి బయట తిరిగితే మాత్రం ప్రమాదం. కణాల పొరల్లోకి దూరుతుంది, దానిలోని ఇనుము పెరాక్సైడ్‌తో కలిసి చుట్టూ ఉన్నవాటిని కాల్చినట్టు పాడు చేస్తుంది.

కాబట్టి ఎవరో ఒకరు వచ్చి దాన్ని విప్పాలి. వచ్చేవి మాక్రోఫేజులనే కణాలు. చిట్లిన ఎర్రకణాలను మింగి, లోపల హీమ్ ఆక్సిజనేజ్‌ను పనిలోకి దించుతాయి. హీమ్ ఉంగరంలో నాలుగు చోట్ల ఒక్కో కార్బన్ వంతెనలా ఉంటుంది. ఈ ఎంజైమ్ ప్రతిసారీ ఒకే వంతెన దగ్గర తెగ్గొడుతుంది. ఒక్క హీమ్‌ను విప్పడానికి మూడు ఆక్సిజన్ అణువులు ఖర్చవుతాయి. తెగిన చోటి కార్బన్ ఒక ఆక్సిజన్‌తో కలిసి కార్బన్ మోనాక్సైడ్‌గా వెళ్లిపోతుంది. ఇనుము విడిపోతుంది. ఉంగరం తెరుచుకుని పొడవాటి గొలుసుగా మిగులుతుంది. ఆ గొలుసే బిలివర్డిన్, దాని రంగు ఆకుపచ్చ. మీరు ఐదో రోజున చూసింది దాన్నే. తర్వాత బిలివర్డిన్ రిడక్టేజ్ అనే మరో ఎంజైమ్ దాన్ని బిలిరుబిన్ చేస్తుంది, అది పసుపు. పచ్చకామెర్లలో కళ్లకు వచ్చే రంగు కూడా ఇదే. మీ ఫోటోల వరస ఈ రెండు ఎంజైములు ఒకదాని వెనక ఒకటి చేసిన పని. పెద్ద ల్యాబ్‌లో కూడా ఇంత స్పష్టంగా కంటికి కనబడదు.

ఈ ఎంజైమ్‌ను 1968లో టెన్‌హునెన్, మార్వర్, ష్మిడ్ అనే ముగ్గురు వివరించారు. కానీ నాకు ఎప్పుడూ గుర్తొచ్చేది 1989 నాటి ముచ్చట. మనిషి చర్మ కణాల మీద అతినీలలోహిత కిరణాలు పడ్డా, పెరాక్సైడ్ పోసినా, ఆర్సెనిక్ ఉప్పు వేసినా ఒకే బరువున్న ఒక ప్రోటీన్ ఎక్కువవుతోంది. బరువు 32 కిలోడాల్టన్లు. అదేమిటో తెలియక బరువుతోనే పిలిచేవారు. కైస్, టైరెల్ అనే ఇద్దరు దాన్ని పట్టుకుని చూస్తే అది హీమ్ ఆక్సిజనేజ్. హీమ్‌తో సంబంధం లేని దెబ్బలకు కూడా కణం ఇదే ఎంజైమ్‌ను పిలుస్తోందన్నమాట. చెత్త ఎత్తే పనిమాత్రమే అయితే ఎండ తగిలినప్పుడు దీనితో ఏం పని? అప్పటినుంచే దీన్ని రక్షణ ఎంజైమ్‌గా చూడటం బలపడింది.

దీని జన్యువుకు రెండు తాళాలున్నాయి. మొదటిది బాక్1 అనే ప్రోటీన్, జన్యువు దగ్గరే కూర్చుని నొక్కి ఉంచుతుంది. హీమ్ వచ్చి బాక్1కే అంటుకుంటే అది లేచిపోతుంది. రెండోది ఎన్ఆర్ఎఫ్2, జన్యువులను లేపే ప్రోటీన్. మామూలు రోజుల్లో కీప్1 అనే కాపలా ప్రోటీన్ దాన్ని పట్టుకుని ముక్కలు చేసే యంత్రానికి అప్పగిస్తూ ఉంటుంది, తయారైనది తయారైనట్టే పోతుంది. కీప్1 మీద గంధకం ఉన్న కొన్ని చోట్లున్నాయి. కణంలో ఆక్సీకరణ పెరిగితే ఆ గంధకం మారిపోయి అప్పగించే పని ఆగిపోతుంది. ఎన్ఆర్ఎఫ్2 పోగై కేంద్రకంలోకి వెళ్లి హీమ్ ఆక్సిజనేజ్‌తో పాటు ఇంకా ఎన్నో రక్షణ జన్యువులను లేపుతుంది. ఎంజైమ్‌ను రోజంతా తయారు చేసి నిలవ పెట్టుకోవడం కంటే, రోజంతా ఆదేశాన్ని చెరిపేస్తూ, అవసరం పడగానే చెరపడం మానేయడం ఎంత త్వరగా అవుతుందో చూడండి.

నేను మొదటిసారి ఇది కళ్లారా చూసిన రోజు బాగా గుర్తుంది. పళ్లెంలో పెరుగుతున్న మాక్రోఫేజులకు హీమిన్ వేశాను. హీమిన్ అంటే హీమ్‌కే ఒక రూపం, నల్లటి పొడి, నీళ్లలో కరగదు, ముందు కొంచెం క్షారంలో కరిగించి తర్వాత కలపాలి. గ్లౌజు వేలికి అంటితే టీ మరకలా గోధుమరంగు. ఆరు గంటల తర్వాత కణాలను పగలగొట్టి వెస్టర్న్ బ్లాట్ చేశాను, అంటే ప్రోటీన్లను బరువు వరసలో విడదీసి కావలసినదాన్ని యాంటీబాడీతో వెతకడం. హీమిన్ వేయని గడిలో 32 దగ్గర కంటికి ఆనీ ఆనని గీత. పక్క గడిలో అదే ఎత్తులో దట్టంగా నల్లటి పట్టీ. ఆ మధ్యలో నేను చేసిందేమీ లేదు, ఎదురుచూశాను అంతే.

ఇప్పుడు వాయువు సంగతి. మన ఒంట్లో కార్బన్ మోనాక్సైడ్ తయారవుతుందని స్వీడన్‌లో షోస్ట్రాండ్ 1949లోనే చూపించాడు. మామూలు మనిషిలో రోజుకు సుమారు 10 మిల్లీలీటర్లు వస్తుంది, ఎక్కువభాగం ముసలి ఎర్రకణాలను విప్పడం వల్లే. ఊపిరితో బయటికి పోతూ ఉంటుంది. పొగ తాగనివాళ్లలో హీమోగ్లోబిన్‌కు అంటుకుని ఉండేది సాధారణంగా 1 శాతం లోపే. మూసిన గదిలో అది 20, 30 శాతానికి చేరితే తలపోటు, వాంతులు, మత్తు. 50 దాటితే ప్రాణం మీదికి వస్తుంది. హీమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే రెండువందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకోవడమే దాని విషం. అదే పట్టు, కణం లోపల కొద్ది మోతాదులో, ఇనుము ఉన్న ఇతర ప్రోటీన్ల మీద పడితే సంకేతమవుతుంది. మంటను, అంటే ఇన్‌ఫ్లమేషన్‌ను, తగ్గించే దారులను అది తెరుస్తుందని జంతువుల్లో, కణాల్లో ఎన్నోసార్లు చూశారు.

మిగతా రెండు ముక్కలూ వృథా కావు. విడిపోయిన ఇనుమును ఫెర్రిటిన్ అనే ప్రోటీన్ తన బోలులో దాచుకుంటుంది. బిలిరుబిన్ మంచి యాంటీఆక్సిడెంట్ అని 1987లో తేలింది. అంతవరకూ దాన్ని పారేయాల్సిన చెత్తగానే చూసేవారు.

ఈ ఎంజైమ్ లేకపోతే ఏమవుతుందో 1999లో జపాన్ వైద్యులు రాశారు. ఆరేళ్ల బాబు. రెండు జన్యు ప్రతుల్లోనూ లోపం. ఎర్రకణాలు విపరీతంగా పగిలిపోతున్నాయి, రక్తనాళాల లోపలి పొర దెబ్బతింది, మంట తగ్గదు. అంతగా రక్తం విరుగుతున్నా బిలిరుబిన్ మాత్రం పెరగలేదు. పసుపు తయారు చేసే దారి మొదట్లోనే మూసుకుపోయింది మరి. బాబు బతకలేదు. నేను పట్టీలు గీతలు చూసుకునే ఎంజైమ్ వెనక ఆ బాబు ఉన్నాడని మా దగ్గరికి కొత్తగా వచ్చే ప్రతి విద్యార్థికీ చెబుతాను.

రాత్రిడ్యూటీ:

కణశాల గారూ, బాగా చెప్పారు. నేను నవజాత శిశువుల వార్డులో నర్సుని. మీరు రాసిన బిలిరుబిన్, చిరుగాలి గారు అడిగిన నైట్రిక్ ఆక్సైడ్, రెండూ నా డ్యూటీలో రోజూ ఎదురయ్యేవే.

పుట్టిన పిల్లల్లో ఎర్రకణాలు ఎక్కువ, వాటి ఆయుష్షు పెద్దవాళ్ల 120 రోజుల కంటే తక్కువ. అందుకే హీమ్ ఎక్కువగా విరుగుతుంది, బిలిరుబిన్ పెరుగుతుంది. దాన్ని బయటికి పంపే కాలేయపు ఎంజైమ్ ఇంకా పూర్తిగా పనిలోకి వచ్చి ఉండదు. నీలి కాంతి కింద పడుకోబెడతాం. ఆ కాంతి బిలిరుబిన్ అణువు ఆకారాన్ని మారుస్తుంది, కాలేయం సాయం లేకుండానే బయటికి పోయేలా చేస్తుంది. కళ్లకు గంతలు కట్టిన ఆ చిన్ని ముఖాలను చూసి తల్లులు ఏడుస్తారు. ఇకనుంచి వాళ్లకి మీ మోకాలి కథ చెప్తాను చిరుగాలి గారూ, అర్థమవుతుంది.

ఇక నైట్రిక్ ఆక్సైడ్. కొందరు పిల్లల్లో పుట్టిన తర్వాత కూడా ఊపిరితిత్తుల రక్తనాళాలు బిగుసుకునే ఉంటాయి. వెంటిలేటర్ గాలిలో నైట్రిక్ ఆక్సైడ్ కలిపి ఇస్తాం. సాధారణంగా పది లక్షల భాగాల్లో 20 భాగాలతో మొదలు. గాలి చేరిన చోటి నాళాలే వదులవుతాయి, రక్తంలోకి దిగగానే హీమోగ్లోబిన్ దాన్ని పట్టేస్తుంది కాబట్టి మిగతా ఒంట్లో బీపీ పడిపోదు. ఆక్సిజన్ మీటర్‌లో 78, 79 దగ్గర కొట్టుకుంటున్న అంకె మెల్లగా 90కి ఎక్కడం చూశాను. అందరు పిల్లల్లో అలా జరగదు, అదీ చూశాను. కానీ మెషీన్ పక్కనుంచి కదలం. నైట్రిక్ ఆక్సైడ్ ఆక్సిజన్‌తో కలిస్తే నైట్రోజన్ డయాక్సైడ్ అవుతుంది, అది ఊపిరితిత్తులకు చెరుపు. దాని అంకె కూడా తెర మీద చూస్తూనే ఉండాలి. ఆపేటప్పుడు ఒక్కసారిగా ఆపం, మెట్టుమెట్టుగా దించుతాం.

పరుగు:

మంచి చర్చ. నాదొక చిన్న ప్రశ్న. జిమ్‌లో "నైట్రిక్ ఆక్సైడ్ బూస్టర్" అని పొడులు అమ్ముతున్నారు. మంచి వాయువే అయితే ఎక్కువ ఉంటే ఇంకా మంచిదే కదా?

కణశాల:

పరుగు గారూ, మీ ప్రశ్నకు జవాబు "కాదు". ఎందుకో చెప్పాలంటే ఆ వాయువు కథ కొంచెం చెప్పాలి.

రక్తనాళం తనంతట తాను ఎలా వదులవుతుందో 1980 వరకూ తెలియదు. ఫర్చ్‌గాట్ అనే శాస్త్రవేత్త కుందేలు రక్తనాళపు ముక్కల మీద అసిటైల్‌కోలిన్ అనే నాడీ రసాయనం వేస్తున్నాడు. ఒక్కోసారి ముక్క వదులవుతోంది, ఒక్కోసారి లేదు. కారణం వెతికితే ముక్క కోసేటప్పుడు లోపలి పొర రాసుకుని ఊడిపోవడం దగ్గర తేలింది. ఒక్క కణం మందమే ఉండే ఆ పొర ఉంటేనే నాళం వదులవుతుంది. ఆ పొర నుంచి కండరానికి ఏదో కబురు వెళుతోంది. ఆ కబురు నైట్రిక్ ఆక్సైడ్ అని తర్వాత తేలింది. ఆయనకూ, ఇగ్నారో, మురాద్‌లకూ 1998లో నోబెల్ వచ్చింది. చేతి రాపిడి వల్ల పాడైందనుకున్న ముక్కను ఆయన పారేసి ఉంటే ఈ కథ ఇంకెన్నేళ్లు ఆగేదో.

దాన్ని తయారు చేసే ఎంజైమ్ నైట్రిక్ ఆక్సైడ్ సింథేజ్. ఆర్జినిన్ అనే అమైనో ఆమ్లం నుంచి నైట్రోజన్‌ను తీసుకుని ఆక్సిజన్‌తో కలుపుతుంది. ఇది మూడు రకాలు. రక్తనాళాల్లో ఒకటి, నాడుల్లో ఒకటి. ఇవి కాల్షియం పెరిగినప్పుడు కొద్దికొద్దిగా తయారు చేసి ఆగిపోతాయి. మూడోది రోగనిరోధక కణాల్లో ఇన్‌ఫెక్షన్ వచ్చినప్పుడే పుడుతుంది. పుట్టిందా, గంటల తరబడి గుమ్మరిస్తుంది. సూక్ష్మజీవులను చంపడానికి అంత కావాలి. కానీ రక్తమంతా ఇన్‌ఫెక్షన్ పాకిన రోగిలో బీపీ కూలిపోవడానికి ఈ గుమ్మరింపు కూడా ఒక కారణం. పైగా అప్పుడే సూపర్ఆక్సైడ్, అంటే చురుకెక్కిన ఆక్సిజన్ రూపం, కూడా ఎక్కువగా ఉంటే రెండూ కలిసి పెరాక్సీనైట్రైట్ అవుతుంది. అది ప్రోటీన్లనూ పొరలనూ పాడుచేస్తుంది. ఒకే వాయువు, ఒకే ఆర్జినిన్. కొళాయి ఎవరి చేతిలో ఉంది, ఎంతసేపు తిప్పి ఉంచారు, దాన్నిబట్టి ఫలితం. పొడి మింగితే ఆ కొళాయి మన చేతికి రాదు. గుండెకు నైట్రేట్ మాత్రలు వాడేవాళ్లు, బీపీ మందులు వాడేవాళ్లు అయితే డాక్టర్‌ను అడక్కుండా వాటి జోలికి అసలు వెళ్లొద్దు.

మూడో వాయువు గురించి చిరుగాలి గారు అడిగారు. హైడ్రోజన్ సల్ఫైడ్, కుళ్లిన గుడ్ల వాసన. సిస్టీన్ అనే గంధకమున్న అమైనో ఆమ్లం నుంచి దీన్ని చేసే ఎంజైములు మన కణాల్లో మూడున్నాయి. మెదడులో ఇది సంకేతంగా పనిచేయవచ్చని 1996లో అబె, కిమురా చూపించారు. ఆ ఎంజైముల్లో ఒకటి లేని ఎలుకల్లో బీపీ పెరిగిందని 2008లో వచ్చింది. దీనితో నేను మూడు వారాలు పోగొట్టుకున్నాను. ఈ వాయువును ఇచ్చే సోడియం హైడ్రోసల్ఫైడ్ కరిగించి కణాలకు వేసేదాన్ని. గంట తర్వాత చూస్తే ఏ మార్పూ ఉండేది కాదు. మోతాదు పెంచాను, కొత్త సీసా తెచ్చాను. చివరికి ఒక సాయంత్రం మూత తీయగానే వచ్చిన వాసన దగ్గర ఆగి ఆలోచించాను. ఆ వాసన వస్తోందంటే కణాలకు వేసింది గాలిలోకి పోతోందనే కదా. తెరిచిన పళ్లెంలో కొద్ది నిమిషాల్లోనే సగం ఎగిరిపోతుంది. నేను గంటపాటు ఉత్త ద్రవంలో కణాలను ఉంచుతున్నాను. తర్వాత నెమ్మదిగా వాయువు వదిలే రసాయనం వాడితే ఫలితం వచ్చింది. కణం ఎందుకు వీటిని నిలవ పెట్టుకోదో, కావలసిన చోటే కావలసినప్పుడే ఎంజైమ్‌తో ఎందుకు చేయించుకుంటుందో నాకు అప్పుడు తెలిసింది. పొరలను దాటుకుని పోయేదాన్ని సీసాలో పోసి దాచలేం.

ఈ వాయువులు ఒకదాన్నొకటి అదుపు చేసుకునే చోటు ఒకటుంది, అది చెప్పి ఆపుతాను. మెడలో పెద్ద ధమని రెండుగా చీలే చోట బియ్యపు గింజంత కణాల ముద్ద ఉంటుంది, కరోటిడ్ బాడీ. రక్తంలో ఆక్సిజన్ తగ్గిందని మెదడుకు చెప్పేది అదే. అక్కడ హీమ్ ఆక్సిజనేజ్‌లో ఎప్పుడూ ఉండే రకం ఉంటుంది. ఆక్సిజన్ బాగున్నంతసేపు అది కార్బన్ మోనాక్సైడ్ చేస్తూ, హైడ్రోజన్ సల్ఫైడ్ తయారు కాకుండా ఆపుతుంది. ఒక్కో హీమ్‌కి మూడు ఆక్సిజన్లు కావాలన్నాను కదా. ఆక్సిజన్ తగ్గగానే పని మందగిస్తుంది, కార్బన్ మోనాక్సైడ్ తగ్గుతుంది, హైడ్రోజన్ సల్ఫైడ్ పెరుగుతుంది, నాడి మోగుతుంది, మనం గట్టిగా ఊపిరి తీస్తాం. ప్రభాకర్ అనే శాస్త్రవేత్త బృందం ఏళ్ల తరబడి చేసిన పని ఇది. కొండ ఎక్కుతూ ఆయాసపడేవాళ్లను చూసినప్పుడల్లా నాకు ఆ గింజంత ముద్దే గుర్తొస్తుంది.

మొక్కలమనిషి:

మొక్కల వైపు నుంచి ఒక మాట. నేను వేర్ల మీద పనిచేస్తాను. వాయువుతో కబురు పంపడం మొక్కలకూ ఉంది, అది ఇథిలీన్. 1901లో రష్యాలో నెల్యుబోవ్ ల్యాబ్‌లో బఠానీ మొలకలు పొట్టిగా, లావుగా, అడ్డంగా పెరగడం చూశాడు. బయటి గాలిలో పెడితే మామూలుగా పెరిగాయి. దీపాల గ్యాస్‌లో ఉన్న ఇథిలీనే కారణమని ఆయనే పట్టుకున్నాడు.

మొక్కలో ఇథిలీన్ తయారీలో చివరి మెట్టు ఏసీసీ ఆక్సిడేజ్ అనే ఎంజైమ్‌ది. వేర్లు నీటమునిగితే ఇథిలీన్ బయటికి పోలేదు, నీటిలో వాయువులు గాలిలోకంటే దాదాపు పదివేల రెట్లు నెమ్మదిగా పాకుతాయి. లోపల పోగయిన ఇథిలీనే "మునిగాం" అన్న కబురు. వేరులో కొన్ని కణాలు చనిపోయి గాలి గొట్టాలు ఏర్పడతాయి. కోసి మైక్రోస్కోప్ కింద పెడితే జల్లెడలా కనిపిస్తుంది. కణశాల గారికి తప్పించుకుపోవడం వల్ల ఇబ్బంది వచ్చింది, మొక్కకు తప్పించుకోలేకపోవడమే సమాచారం.

చిరుగాలి:

అందరికీ చాలా కృతజ్ఞతలు. రెండుసార్లు చదివాను, కణశాల గారి జవాబు మూడుసార్లు. ఆ బాబు గురించి చదివాక కాసేపు ఫోన్ పక్కన పెట్టేశాను.

ఇవాళ్టి ఫోటోలో ఆకుపచ్చ దాదాపు పోయింది. పసుపు కూడా పలచబడింది. కానీ మధ్యలో, దెబ్బ గట్టిగా తగిలిన చోట, తుప్పులాంటి గోధుమరంగు చుక్క ఒకటి మిగిలింది. ఇది ఏ ఎంజైమ్ పని?

కణశాల:

తుప్పు అని భలే పట్టుకున్నారు. అది ఇనుమే. ఫెర్రిటిన్ నిండిపోయాక మిగిలిన ఇనుము మాక్రోఫేజుల్లో హీమోసిడెరిన్ అనే ముద్దగా పేరుకుంటుంది. రంగుల్లో అన్నిటికంటే ఆలస్యంగా పోయేది అదే, కొన్ని వారాలు పట్టొచ్చు. కణాలు దాన్ని కొంచెం కొంచెంగా తీసి రక్తంలోకి పంపుతాయి, అక్కడినుంచి ఎముక మజ్జకు చేరి కొత్త హీమ్‌లో కూర్చుంటుంది. వీలైతే ఫోటోలు ఆపకండి, చుక్క పూర్తిగా పోయిన రోజు వరస మొత్తం ఇక్కడ పెట్టండి. మా విద్యార్థులకు చూపించడానికి మీ అనుమతి కావాలి.